టైలరమ్మ ఆనందబాష్పాలు

ఆ ఉదయం టైలరమ్మ పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. మిషనుకు నూనె వేయాలి. ఎదురింటి లెక్కల మాస్టారి నల్ల ప్యాంటు నడుము దగ్గర రెండంగుళాలు వదులు చేయాలి. ప్లీడరు గారి నల్ల ప్యాంటు రెండంగుళాలు బిగించాలి. తర్వాత ముందుగది కిటికీ రెక్క బిగించమని భర్తకు ఇరవయ్యోసారి గుర్తు చేయాలి. రెక్క ఊడి వేలాడుతోంది. వానొస్తే జల్లంతా ఆమె ఒళ్ళోని బట్టల మీదే.

వీధి మొత్తానికి ఆ కిటికీయే దుకాణం. బట్టలు అందులోంచే వచ్చేవి, అందులోంచే వెళ్ళేవి. ఆమెకు చీటీలు లేవు, పుస్తకం లేదు. గోడకు నలభై ఒక్క మేకులున్నాయి. ఇంటికొక మేకు. పై వరసలో చివరిది ప్లీడరుది, దాని కిందది మాస్టారిది. ఊరు మారిపోయినవాళ్ళ మేకులు కూడా ఆమె పీకేది కాదు, వాటికున్న బట్టలు దించేది కాదు. ఎప్పుడైనా వచ్చి కిటికీ దగ్గర నిలబడితే, తమ మేకు కనబడక నొచ్చుకుంటారేమోనని భయం.

రెండు ప్యాంట్లూ ముగించి, ఎవరి మేకుకు వారిది తగిలిస్తుండగా ఆడపడుచు రొప్పుతూ వచ్చింది.

"వదినా! నీ ఇల్లు ఎన్నికైంది! టీవీ వాళ్ళొస్తున్నారు. మూడ్రోజుల్లో ఇంటిని ఇంద్రభవనం చేసి నీ చేతిలో పెడతారు!"

"నేనెవర్నీ అడగలేదే!"

"నేనడిగా. నీ కిటికీ ఫొటో తీసి పంపించా. మా వదిన కష్టం చూడలేకపోతున్నానని రాశా. రాస్తుంటే నాకే ఏడుపొచ్చింది."

భర్త అప్పటికే పదకొండు చోట్ల సంతకాలు చేసేశాడు. లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. ఎవరు ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కడమే ముప్పై ఏళ్ళ అలవాటు.

"చదివే పెట్టారా?" అందామె.

"ఊరికే చేస్తామంటుంటే చదవడం దేనికే?"

మధ్యాహ్నానికి బండ్లు దిగాయి. "ఆ రెక్కొక్కటి బిగించండి నాయనా, చాలు" అంది టైలరమ్మ. అలంకరణ నిపుణుడు గోడ చూసి గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"ఇన్ని మేకులా! ఎంత నరకం అనుభవించారమ్మా!"

"నరకమేంటి బాబూ, అది మా వీధి. ఇదిగో ఇది ప్లీడరు గారు, ఇది..."

"ఇప్పుడొద్దమ్మా. ఆ బాధంతా లోపలే దాచుకోండి. మీ కళ్ళగంతలు విప్పి కొత్త ఇల్లు చూపించినప్పుడు కావాలి."

ఇంటివాళ్ళు పని చూడకూడదన్నది వాళ్ళ నియమం. మొగుడూ పెళ్ళాలను మూడు రోజులు లాడ్జిలో పెట్టారు. భర్త మంచం మీద కాళ్ళు చాపుకుని "హాయిగా ఉందే" అన్నాడు. ఆమె మాత్రం గంటకోసారి తలుపు దాకా వెళ్ళి వచ్చింది. ముప్పై ఏళ్ళలో ఆ గదిని విడిచి ఒక్క పూట ఉండలేదు. తనను చూడక మిషను బెంగ పెట్టుకుంటుందేమో అని కూడా అనుకుంది. పైకి అంటే భర్త నవ్వుతాడని అనలేదు.

నాలుగో రోజు గంతలు విప్పారు. గది పాలలో ముంచి తీసినట్టుంది. మేకులు లేవు. కిటికీ ఉన్నచోట తెరుచుకోని ఒకే పెద్ద అద్దం. మూలన ఆమె మిషను కాళ్ళు ఉన్నాయి, వాటి మీద చేతులు కడుక్కునే తొట్టి. మిషను తలకు బంగారు రంగు పూసి, పక్కన ప్లాస్టిక్ పూలు పెట్టి అరలో కూర్చోబెట్టారు.

"నా మిషను..." అంది టైలరమ్మ.

"అవునమ్మా! చెయ్యి కడుక్కున్నప్పుడల్లా మీకు పాత రోజులు గుర్తొస్తాయి" అంది యాంకరమ్మ.

టైలరమ్మ బావురుమంది. "ఆనందబాష్పాలు!" అని యాంకరమ్మ కెమెరాకు చెప్పింది. "వెలుతురు చాల్లేదు, ఇంకోసారి ఏడవండమ్మా" అన్నాడు దర్శకుడు. ఆమె ఆపితే కదా, మళ్ళీ మొదలుపెట్టడానికి!

ఈలోగా బట్టల కోసం వచ్చిన వీధివాళ్ళకు కిటికీ దొరకలేదు. అద్దం మీద ఎంత కొట్టినా లోపలికి వినబడదు. అంతా కలిసి గుమ్మంలోంచి పోలోమని వచ్చారు. అభినందించడానికొచ్చారనుకుంది యాంకరమ్మ. బట్టలన్నీ మడతపెట్టి, నలుపు నలుపుతో, తెలుపు తెలుపుతో చేర్చి, మెరిసే కాగితాల్లో చుట్టి రిబ్బన్లు కట్టి ఉన్నాయి. ఆవిడ నవ్వుతూ తలా ఒక పొట్లం చేతిలో పెట్టింది.

"అయ్యో, అది ఆయనది కాదమ్మా!" అంది టైలరమ్మ.

"చూశారా! తనకంటూ ఏదీ దాచుకోని మనసు!" అంది యాంకరమ్మ.

సోమవారం ప్లీడరు ప్యాంటులోకి ఊపిరి బిగించి దూరిన మాస్టారు, సుద్దముక్క కోసం వంగారు. ఆ తర్వాత ఏమైందో పక్క తరగతికి కూడా వినబడింది. మాస్టారి ప్యాంటులో కోర్టుకెళ్ళిన ప్లీడరు రెండు చేతులా నడుము పట్టుకుని వాదించాడు. జడ్జి ఆయన వినయాన్ని మెచ్చుకున్నాడు గానీ, చూపాల్సిన కాగితం చెయ్యెత్తి చూపలేక కేసు పోయింది. ఊరు విడిచిపోయినవాళ్ళ పాప గౌను ఎవరింట్లోనో బల్ల తుడిచే గుడ్డయింది.

"ముప్పై ఏళ్ళు నమ్మాను. టీవీలో కనబడగానే కళ్ళు నెత్తికెక్కాయా?" అని మాస్టారు గుమ్మంలో నిలబడి అరిచారు.

మిషను తిరిగి బిగించమని భర్త టీవీ వాళ్ళకు ఫోను చేశాడు. చూపించిన ఇంట్లో ఏడాది పాటు ఏదీ కదపకూడదట. తొమ్మిదో సంతకం అదేనట.

వీధి బట్టలు పెద్ద రోడ్డు మీది దుకాణానికి వెళ్ళిపోయాయి. అద్దం ముందు మనుషులు ఇంకా ఆగుతూనే ఉన్నారు, తల దువ్వుకోవడానికి. లోపల్నుంచి చూస్తే వీధంతా కనబడే గాజు, బయటికి అది నిలువుటద్దం. ఒకప్పుడు "ఏమ్మా, అయిందా?" అని పలకరించిన ముఖాలే జానెడు దూరంలో పాపిడి సరిచేసుకుని వెళ్ళిపోతుంటే, టైలరమ్మ లోపల ఒట్టి చేతులతో కూర్చుని చూసేది.

ఏడో నెలలో టీవీ వాళ్ళు మళ్ళీ వచ్చారు. బాగుపడినవాళ్ళు ఎలా ఉన్నారో చూపిస్తారట. ఆమె ఈసారి వదలదలచుకోలేదు. కెమెరా ముందు కూర్చుని పావుగంట చెప్పింది. మేకుల సంగతి, మిషను సంగతి, పాప గౌను సంగతి. "నా ఇల్లు బాగుచేయలేదు, నన్ను ఇంట్లోంచి తీసేశారు" అంది. దర్శకుడు కళ్ళు తుడుచుకుని "అద్భుతం" అన్నాడు.

"నిజం చెప్పేశానండీ. ఇక అందరికీ తెలుస్తుంది" అంది భర్తతో. చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది.

ఆదివారం పొద్దున వీధంతా టీవీల ముందు కూర్చుంది. తెర మీద టైలరమ్మ పెదవులు కదిలాయి, కళ్ళ నీళ్ళు కారాయి. మాటలు మాత్రం లేవు. వాటి స్థానంలో వేణువు మోగింది. పైనుంచి యాంకరమ్మ గొంతు: "ఏడు నెలలైనా ఈ తల్లి ఆనందం తగ్గలేదు."

గంట తిరక్కుండా మాస్టారు చేతిలో కాగితంతో వచ్చారు.

"క్షమించు టైలరమ్మా. నీ సంతోషం చూశాక నా కోపం ఎగిరిపోయింది. మా ఇల్లు కూడా చేయించుకుందామని... బాగుపడినవాళ్ళొకరు సిఫారసు చెయ్యాలట."

"వద్దు మాస్టారూ. నా మాట వినండి. నేనక్కడ చెప్పింది వేరు, వాళ్ళు చూపించింది వేరు."

మాస్టారి ముఖం మాడిపోయింది. "నువ్వు బాగుపడొచ్చు, మేం పడకూడదా? నా కళ్ళతో చూశాక కూడా నాకే చెబుతావా?"

టైలరమ్మ ఆయన చేతిలోని కాగితం అందుకుంది. తర్వాత పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.

ఏడు నెలల తర్వాత ఆ వీధికి ఆమె తన చేత్తో చేసిపెట్టిన మొదటి పని అదే.