బాలి అనబోతే బొలీవియా

మనం మాట పూర్తిచేయకముందే తానే పూర్తిచేసి పెట్టే ఫోన్‌ను తిట్టిపోసేవాళ్ళంత కృతఘ్నులు ఈ లోకంలో లేరు.

ఆలోచించండి. మాటను చివరిదాకా చెప్పడం ఎంత శ్రమ! దాన్ని చివరిదాకా వినడం ఇంకెంత శ్రమ! ఈ రెండు శ్రమలనూ ఒకేసారి తప్పించిన యంత్రానికి మనం ఇస్తున్న గౌరవం ఏమిటి? ఒక అక్షరం అటూఇటూ అయిందని విసుక్కోవడం. అలా విసుక్కునేవాళ్ళు ఒకసారి నారాయణపేట దాకా వెళ్ళి, పక్క ఊళ్ళో కురుమయ్య, గోపమ్మ అనే దంపతుల ఇల్లు ఎక్కడని అడగాలి. బాలి ద్వీపానికని బయలుదేరిన వాళ్ళిద్దరినీ దక్షిణ అమెరికాలో, మేఘాల పక్కన దింపింది ఎవరనుకున్నారు? ఫోనే.

కురుమయ్యది గొర్రెల వ్యాపారం. సొంత మంద ఉంది, సంతల్లో మంచి పేరుంది. పెళ్ళయిన పాతికేళ్ళలో భార్యాభర్తలు కలిసి చేసిన ప్రయాణాలు మూడే మూడు: కురుమూర్తి జాతర, శ్రీశైలం, మహబూబ్‌నగర్ దవాఖాన. ఇంతకు మించి ఎక్కడికైనా వెళ్ళాలని వాళ్ళకెప్పుడూ అనిపించలేదు. కూతురు వర్షిత పెళ్ళి చేసి, మహబూబ్‌నగర్‌లో సిమెంటు డీలరైన మల్లప్పతో వియ్యమందేవరకూ సుఖంగానే ఉన్నారు.

మల్లప్పను సిమెంటు కంపెనీ వాళ్ళు బాలికి తీసుకెళ్ళారు. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల గురించి ఆయన పద్నాలుగు నెలలుగా చెబుతున్నాడు. పుట్టువెంట్రుకల విందులో బగారా అన్నం వడ్డిస్తుంటే, "బాలిల అన్నం ఆకుల పొట్లం గట్టిస్తరు బావా" అంటాడు. వాన పడితే బాలి వాన, ఎండ కాస్తే బాలి ఎండ. చివరికి తన సొంత పెద్దమ్మ దహనానికి వెళ్ళినప్పుడు కూడా, చితి పక్కన నిలబడి, "బాలిల చావును గూడ పండుగ లెక్క చేస్తరు" అన్నాడు. పిల్లనిచ్చినవాడు కాబట్టి కురుమయ్య తలూపుతూ వినేవాడు. ఎదురు చెప్పడానికి తన దగ్గర ఒక దేశమంటూ లేదు కదా.

పాతికేళ్ళ పెళ్ళిరోజు దగ్గరపడిందని వర్షిత గుర్తుచేసినరోజే ఆయన ఒక నిశ్చయానికి వచ్చాడు. ఫోన్‌లో టైపు చేయడం రాదు. మైకు గుర్తు నొక్కి, బస్టాండు ఎదుట టికెట్ల ఆఫీసు నడిపే సతీశ్‌కు చెప్పాడు: "బాలి. వియ్యంకుడు పోయినకాడికే. ఇద్దరికి టికెట్లు చెయ్యి."

ఫోన్ శ్రద్ధగా విని, 'బాలి వియ్యంకుడు' అన్నచోట మనిషి తడబడ్డాడని గ్రహించి, సరిదిద్ది పంపింది: 'బొలీవియా అంకుల్ పోయిన కాడికి ఇద్దరికి టికెట్లు.'

సతీశ్ కాశీకి పంపాడు, దుబాయికి పంపాడు. బొలీవియాకు ఇంతవరకూ ఎవరినీ పంపలేదు. అనుమానమొచ్చి ఫోన్ చేశాడు.

"కాకా, నువ్వు పంపింది కరెక్టేనా? శానా దూరమున్నది."

"దూరమైతే నీకేంది? నన్ను మోసుకపోతవా?"

"వీసా జర కష్టం కాకా."

"మా వియ్యంకునికి దొరికింది నాకు దొరకదా?"

సతీశ్ కాగితాలు పెట్టాడు. వీసా వచ్చింది. హైదరాబాద్ తీసుకెళ్ళి ఇద్దరికీ సూదిమందు కూడా వేయించాడు. మల్లప్ప ఎన్నడూ సూది సంగతి చెప్పలేదే అని కురుమయ్యకు ఒక్క క్షణం తోచింది. భయపడి ఎగ్గొట్టి ఉంటాడని సమాధానపడ్డాడు. వీసా కాగితం మీద పేరు పొడుగ్గా ఉందని గోపమ్మ అడిగితే, "ఆధార్ల నా పేరు గూడ పొడుగే ఉంటది. గిది బాలి అసలు పేరు" అన్నాడు.

ఒక రాత్రి ప్రయాణమని మల్లప్ప చెప్పాడు. వీళ్ళకు రెండు రోజులు పట్టింది, నాలుగు విమానాలు మారారు. మూడో విమానంలో గోపమ్మ మెల్లగా అడిగింది.

"మీ వియ్యంకుడు అబద్ధాలు చెప్తడా ఏందయ్యా?"

"తక్కువ జేసి చెప్పిండు" అన్నాడు కురుమయ్య. పద్నాలుగు నెలల్లో మొదటిసారి ఆయనకు మల్లప్ప మీద గౌరవం కలిగింది.

దిగిన ఊరు లా పాజ్, గాలి పలచబడేంత ఎత్తున కొండల్లో ఉంది. విమానం తలుపు తెరవగానే చలి ఈడ్చి కొట్టింది. కురుమయ్య ఒంటిమీద పూలపూల పొట్టిచేతుల చొక్కా, మోకాళ్ళదాకా నిక్కరు ఉన్నాయి. బీచ్‌కు అవే వేసుకోవాలని వర్షిత కొనిపెట్టింది. చుట్టూ జనం దుప్పట్లు కప్పుకొని, టోపీలు పెట్టుకొని ఉన్నారు. పది అడుగులు వేసేసరికి ఊపిరాడక ఆయన బ్యాగు మీద కూలబడ్డాడు. విమానంలో ఏసీ పడదేమోనని గోపమ్మ గొంగడి సర్దుకొచ్చింది. దాన్ని తీసి భర్తకు చుట్టబెట్టి, నాలుగు దిక్కులా చూసింది.

"సముద్రమేదయ్యా?"

కురుమయ్య టాక్సీ డ్రైవరు ముందు నిలబడి చేతులతో అలలు చేసి చూపించాడు. డ్రైవరు కాసేపు చూసి, నిట్టూర్చి, మంచుకొండల అవతలికి వేలు చూపించాడు. ఆ దేశానికి సముద్రం లేదు.

వర్షితకు ఫోన్ చేస్తే లొకేషన్ పంపమంది. పంపాక తనే మళ్ళీ ఫోన్ చేసింది.

"నాయినా, మీరున్నది బొలీవియాల."

"అవ్, బాలి అసలు పేరు."

"కాదు నాయినా. బాలి వేరే. మీరు భూమికి ఇంకోదిక్కున్నరు."

ఇలాంటి వార్త విన్న మనిషి ఏం చేయాలి? ఏడవాలా, సతీశ్‌ను తిట్టాలా? కురుమయ్య అడిగింది ఒకటే ప్రశ్న.

"మీ మామకు తెలుసా?"

"ఇంకా తెల్వదు."

"అయితే మేము గావాల్ననే వచ్చినమని చెప్పు. బాలికి అందరు పోతరు."

ఆ పొరపాటును క్షణంలో ప్రతిష్ఠగా మార్చినవాడు కురుమయ్యే గానీ, ఆ అవకాశాన్ని ఇచ్చినది ఫోనేనని పాఠకులు మరవకూడదు.

ఆ తర్వాత ఐదు రోజులూ వర్షిత మహబూబ్‌నగర్‌లో కూర్చొని వాళ్ళను బొలీవియాలో తిప్పింది. వాళ్ళు ఫోటో తీసి పంపడమే ఆలస్యం, కింద నాలుగు ముక్కలు రాసి స్టేటస్‌లో పెట్టేది. ఉప్పు మైదానం చూడబోయారు. కనుచూపుమేర తెల్లటి ఉప్పు, దానిమీద అంగుళం మందాన వాననీళ్ళు. ఆకాశం కాళ్ళకింద కూడా ఉంది. గోపమ్మ ఆ నీళ్ళలో తన మొహం పక్కన మబ్బు పోవడం చూస్తూ నిలబడితే, వీడియో కాల్‌లోంచి అల్లుడు అరిచాడు: "అత్తా, జర పక్కకు జరుగు, ఎండ కొడ్తాంది. మామా, నువ్వు ఎగురు." ఆ ఎత్తులో ఎగరడమంటే మాటలా? కురుమయ్య మూడుసార్లు ఎగిరి, నాలుగోసారి ఉప్పులో కూర్చుండిపోయాడు. అది కూడా స్టేటస్‌కు ఎక్కింది. చుట్టాలు రెండు వందల మంది చూశారు.

ఆరోరోజు బస్సులో వస్తుంటే దారిలో బండరాళ్ళు అడ్డం పెట్టి రైతులు కూర్చున్నారు. ఎవరూ విడమరచి చెప్పకుండానే ఆ దేశంలో కురుమయ్యకు పూర్తిగా అర్థమైన మొదటి సంగతి అదే. "రాస్తారోకో" అని గోపమ్మకు చెప్పి, సీట్లో స్థిమితంగా వెనక్కి వాలాడు. వర్షితకు రాళ్ళ ఫోటో ఒకటి పంపాడు. దాంతో ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.

మధ్యాహ్నానికి కాళ్ళు తిమ్మిరెక్కి ఇద్దరూ బస్సు దిగారు. కొంచెం దూరంలో రాతిగోడల దొడ్డి, అందులో లామాలు ఉన్నాయి. "మెడ ఒంటెది, బొచ్చు గొర్రెది, మొఖం మటుకు మన మల్లప్ప బావది" అన్నాడు కురుమయ్య. గోపమ్మ నవ్వలేదు. ఆమె అప్పటికే దొడ్డి మూలకు చూస్తోంది. అక్కడొక లామా ఈనలేక నిలబడి వణుకుతోంది. దాని మెడ పట్టుకొని, గుండ్రటి టోపీ పెట్టుకున్న ముసలామె ఏదో గొణుగుతోంది. పిల్ల కాలు ఒకటే బయటికొచ్చి ఉంది.

"రెండో కాలు లోపల మడతబడ్డది" అంది గోపమ్మ. "గిట్లనే వదిలేస్తే రెండు పాణాలు పోతయి."

"మనది గాని దేశం. ఏమన్నైతే మన మీద పడ్తది" అన్నాడు కురుమయ్య.

"గొడ్డుకు దేశమేందయ్యా?"

ఆమె గోడ దాటి వెళ్ళింది. ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది. గోపమ్మ గాజులు తీసి కొంగుకు ముడేసింది, సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి మోచేతిదాకా రాసుకుంది. గాజులు తీసిన తీరు చూసి ముసలామె చెయ్యి దించింది. ఈమె చేతులతో పని తెలిసిన మనిషని, పని తెలిసిన ఇంకో మనిషికి చెప్పాల్సిన అవసరం ఏముంది?

కురుమయ్య లామా మెడను రెండు చేతులా పట్టుకున్నాడు. అది ఆయన చొక్కా మీది పూలన్నిటి మీదా ఉమ్మింది. గోపమ్మ పిల్లను మెల్లగా లోపలికి నెట్టి, నొప్పి వచ్చినప్పుడు ఆగి, తగ్గినప్పుడు వెతికి, ఆ మడతబడిన మోకాలును అరచేతిలో ఇముడ్చుకొని ముందుకు తిప్పింది. ఇంట్లో గొర్రెలకు ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. కానీ ఆ ఎత్తులో ఊపిరి అందక ఆమె రెండుసార్లు కళ్ళు మూసుకొని ఆగాల్సి వచ్చింది. పెళ్ళైనప్పటి నుంచి భార్య మొహం అంత పాలిపోయి ఉండగా కురుమయ్య చూడలేదు. "చాలు, రా" అందామనుకున్నాడు. అనలేదు.

పిల్ల జారి నేలమీద పడింది. కదల్లేదు. గోపమ్మ దాని ముక్కులో జిగురు తుడిచి, వెనక కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి, మళ్ళీ పడుకోబెట్టి, భర్త భుజం మీది గొంగడి లాగి గరగరా రుద్దింది. చాలాసేపటికి అది తుమ్మింది.

ముసలామె నేలమీదే కూలబడి గోపమ్మ రెండు చేతులూ తన మొహానికి ఆనించుకుంది. ఆమె పేరు దోమితిలా అట. ఆమె తన భాషలో, గోపమ్మ తన భాషలో ఉడుకుతున్న ఆలుగడ్డల పక్కన కూర్చొని గంటసేపు మాట్లాడుకున్నారు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు మధ్యలో అడ్డు తగల్లేదు. దోమితిలా గొంగడిని ఎండకు పట్టి, దాని నేతను వేళ్ళతో తడిమి, తలూపి, తన వీపు మీది చారల దుప్పటి విప్పి గోపమ్మకు కప్పింది. గొంగడి పిల్లకు ఉండిపోయింది. పిల్లను చూపించి దోమితిలా ఏదో అంది. కురుమయ్యకు అందులో ఒక్క ముక్కే తెలిసింది: "గోపా." పిల్లకు పేరు పెట్టేసింది.

తిరుగు విమానాల్లో ఇద్దరూ నిద్రపోలేదు. ఎవరు ఏది చెప్పాలో పంచుకున్నారు. బస్సు ఆగేవరకూ కురుమయ్య చెప్పాలి. దొడ్డి సంగతి గోపమ్మ చెప్పాలి. ఉమ్మిన ముచ్చట మళ్ళీ కురుమయ్య చెప్పాలి.

ఇంటికి ఊరు ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్ళలో ఒక్కరైనా ఎలా ఉందని అడిగి ఇబ్బందిపెట్టారా? లేదు. "అంత చూసినం స్టేటస్‌ల" అన్నారు. చారల దుప్పటి చూసి, "ఆన్‌లైన్‌ల వస్తయి గివి" అన్నారు. ఆదివారం మల్లప్ప వచ్చాడు. కురుమయ్య కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"బావా, ఆరో దినం మేము బస్సుల—"

"రాళ్ళు పెట్టిండ్రు గదా. చూసిన."

"అవ్. అయితే పక్కన ఒక దొడ్డి—"

"దొడ్లు బాలిల గూడ ఉన్నయి బావా" అని మల్లప్ప మొదలుపెట్టి, చీకటి పడేదాకా చెప్పాడు.

ఎంత సమయం ఆదా అయిందో గమనించారా? ఒక దేశాన్ని చుట్టొచ్చిన మనుషులు పది నిమిషాల్లో చాయ్ తాగించి అందరినీ పంపించేయగలిగారు. వర్షితకు చెప్పబోతే, "వీడియో ఉన్నదా అమ్మా?" అంది. లేదంటే, "అయ్యో" అంది. గోపమ్మ మంద కాడికి వెళ్ళింది.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం గోపమ్మ పల్లికాయ ఒలుస్తుంటే ఫోన్ మోగింది. సతీశ్ ప్రయాణ బీమా చేయించిన కంపెనీ వాళ్ళు రికార్డు చేసి పెట్టిన ఆడగొంతు. భోజనం వేళకు ఇలా మోగే ఫోన్లను మీరూ నేనూ తిట్టుకుంటాం.

"నమస్కారం. మీ విదేశీ ప్రయాణం ఎలా జరిగిందో దయచేసి చెప్పండి" అంది ఆ గొంతు.

గోపమ్మ చేతిలోని కాయ పక్కన పెట్టింది. "ఎవరు బిడ్డా నువ్వు?" అంది. జవాబు రాలేదు. అడ్డు కూడా రాలేదు. ఆమె మొదలుపెట్టింది. దొడ్డి, వణుకుతున్న లామా, మడతబడిన కాలు, తుమ్ము దాకా చెప్పింది. ఎక్కడా ఎవరూ "చూసినం" అనలేదు. అంతా అయ్యాక ఆ గొంతు అంది: "క్షమించండి, మీ సమాధానం మాకు అర్థం కాలేదు. దయచేసి మళ్ళీ చెప్పండి."

గోపమ్మ ఫోన్ చెవి నుంచి తీసి ఒకసారి దానికేసి చూసింది. తర్వాత లోపలికి తిరిగి పిలిచింది.

"ఓ అయ్యా, జర ఇటు రా. గీ పిల్ల మళ్ళ చెప్పమంటాంది."

కురుమయ్య తింటున్న పళ్ళెం వదిలి, చెయ్యి కడుక్కొని వచ్చి, భార్య పక్కన చాప మీద మఠం వేసుకొని కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ముందుగాల, బస్సు ఎందుకాగిందో చెప్తా విను బిడ్డా."