మంత్రిగారికి పాజిటివ్

"అన్నవాహిక కేన్సర్‌ని అది పుట్టకముందే అరెస్టు చేస్తాం!" అని 2006 జూన్‌లో టెక్కలి సభలో మంత్రిగారు ప్రకటించారు. ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో విలేఖరినైన నాకు తెలుసు. అన్నవాహిక అంటే మధ్యాహ్న భోజనం వ్యానా అని సభకు ముందు ఆయన నన్నే అడిగారు.

విశాఖ నుంచి వచ్చిన డాక్టర్ ఉషశ్రీ ఓపిగ్గా వివరించింది. "దారం కట్టిన స్పంజి బిళ్ల మింగించి పైకి లాగుతాం సార్. అన్నం దిగే గొట్టం లోపలి కణాలు దానికి అంటుకొస్తాయి. వాటిలో కొన్ని ప్రోటీన్లు పెరిగితే జబ్బుకి గుర్తు. ఇంకా పరిశోధనే. పాజిటివ్ వస్తే పెద్ద పరీక్ష చేయాలి."

భావనపాడు శిబిరంలో మొదటి బిళ్ల మంత్రిగారే మింగారు. దారం కొసను ప్రోటోకాల్ ప్రకారం ఆయన అనుచరుడు తిరుపతిరావు పట్టుకున్నాడు. నోట్లోంచి దారం వేలాడుతుండగా మంత్రిగారు పది నిమిషాలు ఫొటోలకు నవ్వారు.

"బాబుగోరు గేలానికి పడ్డ వంజరం నాగున్నారు కదేటి!" అంది వెనక వరుసలో సన్యాసమ్మ. 'మహిళల హర్షం' అని రాసుకున్నాను.

ఆమె భర్త అప్పన్న నవ్వలేదు. రెండు నెలలుగా అతనికి ముద్ద దిగడం లేదు. గంజితో బతుకుతున్నాడు. చేపల వేటకు వెళ్లే సత్తువ పోయింది. అతనూ బిళ్ల మింగాడు, మూడో ప్రయత్నంలో.

రెండు వారాలకు టెక్కలి గెస్ట్‌హౌస్‌కి రిపోర్టులు వచ్చాయి.

"మీకు నెగెటివ్ సార్. అప్పన్నకి పాజిటివ్."

మంత్రిగారి ముఖం మాడిపోయింది. "నా నియోజకవర్గంలో నాకు నెగెటివా?"

"అంటే మీకు జబ్బు లేదు సార్."

"జబ్బు సంగతి తర్వాత. పేపర్లో ఎలా కనిపిస్తుంది?"

"వలేసుకునీవోడికి పాజిటివిచ్చి మినిస్టర్‌కి నెగెటివిత్తారేటమ్మా?" అని తిరుపతిరావు బాధపడ్డాడు. డాక్టరమ్మ మాట మార్చనంది. అతనే ప్రెస్‌నోట్ మార్చాడు.

'మంత్రిగారికి పాజిటివ్' అని తెల్లారేసరికి జిల్లా అంతా తెలిసింది. పలాసలో టపాసులు కాల్చి, ఆయనకు జీడిపప్పు దండ వేశారు. సరిగ్గా పరీక్షిస్తే తమ నాయకుడికి డబుల్ పాజిటివ్ వస్తుందని ప్రతిపక్షం సవాలు విసిరింది.

అప్పన్నకి మూడు నెలల దాకా మంచం ఖాళీ లేదన్న విశాఖలోని పెద్దాసుపత్రి, ఆ వార్త చదివి ఒక్కరోజులో ఏసీ గది సిద్ధం చేసింది. సైరన్ మోగించుకుంటూ అంబులెన్స్ గెస్ట్‌హౌస్‌కి వచ్చింది.

"సార్, ఏమీ తినకండి. పరీక్షలో రుజువైతే అన్నవాహిక తీసేసి, పొట్టను పైకి లాగి కుట్టేస్తారు" అంది నర్సు.

మంత్రిగారి చేతిలోని ఇడ్లీ జారిపోయింది. "నాకు నెగెటివ్! పూర్తిగా నెగెటివ్! డాక్టరమ్మా, చెప్పండి!"

అంబులెన్స్‌లోనే వచ్చిన ఉషశ్రీ ఆసుపత్రి ఉత్తర్వు చదివింది. "ఇందులో మీ పేరు లేదు సార్. 'భావనపాడు శిబిరంలో పాజిటివ్ వచ్చిన వ్యక్తి' అనే ఉంది."

గంటలో అంబులెన్స్ భావనపాడు చేరింది. అప్పన్న లోపలికి తొంగిచూసి, "ఐసుపెట్టి నాగుందే" అని వెనక్కి తగ్గాడు.

"ఎక్కు మావా! మంత్రి మనసు మారిపోతాది!" అని సన్యాసమ్మ అతన్ని లోపలికి నెట్టి తనూ ఎక్కింది.

పెద్ద పరీక్షలో జబ్బు రుజువైంది. చెయ్యి దాటకముందే ఆపరేషన్ జరిగింది. నాలుగు నెలలకు అప్పన్న ఎండుచేపల కూరతో అన్నం తిన్నాడు. సన్యాసమ్మ ఎదురుగా కూర్చుని, ప్రతి ముద్దా దిగేదాకా చూసిందట.

తన మంచాన్ని పేదవాడికి ఇచ్చినందుకు మంత్రిగారికి పలాసలో 'త్యాగమూర్తి' బిరుదిచ్చి సన్మానం చేశారు. సభ మధ్యలో డొంకూరు శిబిరంలో బిళ్ల మింగిన జోగమ్మ అనే ముసలామె రిపోర్టు చీటీ పట్టుకుని వేదిక ఎక్కింది.

"బాబూ, నాకూ పాజిటివొచ్చింది. ఆ బండి ఎప్పుడొత్తాది?"

మంత్రిగారు చీటీ చదివారు. తన భుజం మీది శాలువా తీసి ఆమెకు కప్పి, "అభినందనలు!" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.