టాపెట్ సెట్టింగ్‌కు బందోబస్తు

ఆదివారం పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బండి టాపెట్లు సరిచేసి, ఆ తర్వాత చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళాలని సుధీంద్ర అనుకున్నాడు. కొన్నాళ్ళుగా రాత్రీ పగలూ బండి స్టార్ట్ చేస్తే చాలు, ఇంజిన్ టకటకమంటోంది. అశోక్‌నగర్‌లో అతనికి గది అద్దెకిచ్చిన రత్నమాలగారు ముందురోజే తేల్చేశారు.

"రేపటికి ఆ టకటక ఆగకపోతే గది ఖాళీ చెయ్యి బాబూ. పరీక్ష నీకు, జాగారం నాకూనా?"

సర్కారు ఉద్యోగ పరీక్షకు నెల కూడా లేదు. ఇప్పుడు గది వెతుక్కుంటూ తిరిగితే చదువు అటకెక్కినట్టే.

సందులో బండి నిలబెట్టి ఇంజిన్ మూతలు విప్పాడు. టాపెట్ సరిచేయడమంటే ఇంతే, వాల్వుకూ దాన్ని నొక్కే స్క్రూకూ మధ్య వెంట్రుకంత ఖాళీ ఉండాలి. అది పెరిగితే చప్పుడు. కొలవడానికి విసనకర్రలా విచ్చుకునే ఉక్కు రేకుల కట్టను నారాయణగూడలో కొన్నాడు. గదిలో తోడుండే క్రాంతికుమార్ ఫోన్‌లో మాన్యువల్ చదివి పెడుతున్నాడు.

"ఇన్‌లెట్ పాయింట్ జీరో ఫైవ్. ఎగ్జాస్ట్ పాయింట్ వన్."

"పక్కానా?"

"ఆప్షన్లు ఇయ్యలేదురా, ఆన్సరే ఇచ్చిండు."

ఛాయ్‌కి వచ్చిన అభ్యర్థి ఒకడు వంగి చూశాడు. "పిస్టన్ రెండుసార్లు పైకొస్తదన్నా. వాల్వులు రెండూ మూసుకున్నప్పుడే చూడాలె."

"తప్పైతే?"

"నెగెటివ్ మార్కులే. వాల్వు కాలిపోతది."

వాదన పెరిగింది, జనం పెరిగారు. ఉద్యోగ పరీక్షల ధర్నాలు మామూలైన అశోక్‌నగర్ సందులో అంతమంది కుర్రాళ్ళు గుమిగూడితే అది బండి రిపేరని ఎవరూ అనుకోరు. వెనక చేరినవాళ్ళూ అనుకోలేదు. "పరీక్ష వాయిదా వెయ్యాలె!" అని ఒకడు అరిచాడు. "వెయ్యాలె, వెయ్యాలె!" అని తక్కినవాళ్ళు అందుకున్నారు.

"జర నెట్టకుర్రి, రేకు కదులుతది!" అని మధ్యలో సుధీంద్ర బతిమాలుతున్నాడు.

పోలీసు వ్యాన్ వచ్చింది. ఎస్సై రాఘవేందర్ దిగాడు. "లీడర్ ఎవడు?"

వెనకున్నవాళ్ళంతా మధ్యలోకి వేలు చూపించారు.

"సార్, చేతిల బ్లేడ్లున్నయ్," అన్నాడు కానిస్టేబుల్ బుగ్గయ్య.

"బ్లేడ్లు కాదు సార్, గ్యాప్ చూసే రేకులు." సుధీంద్ర తల తిప్పలేదు. "ఒక్క నిమిషం. నట్టు బిగిస్తే అయిపోతది."

"నన్నే ఆగుమంటవా? ఎక్కించుర్రి వీణ్ణి. బండిని గూడ!"

ఈలోగా రత్నమాలగారు మేడ దిగి వచ్చారు. "బండి మీద చెయ్యి వేస్తే ఊరుకోను. చప్పుడు ఆపమన్నది నేను. ఆగిందో లేదో విన్నాకే తీసుకెళ్ళండి."

"అమ్మా, ఇది ధర్నా..."

"ధర్నా అయితే నాకేంటి, పెళ్ళయితే నాకేంటండీ? ముందు స్టార్ట్ చేయించండి."

సుధీంద్ర నట్టు బిగించి, రేకు మరోసారి జరిపి చూశాడు. కాస్త పట్టుకుని జారింది, అంటే ఖాళీ సరిపోయినట్టే. మూతలు పెట్టి కిక్ కొట్టాడు. నినాదాల్లో ఏమీ వినిపించలేదు.

ఎస్సై లాఠీ ఎత్తాడు. "సైలెన్స్!"

సందు నోరు మూసుకుంది. రత్నమాలగారు వంగి ఇంజిన్‌కు చెవి ఒగ్గారు. టకటక లేదు.

"గది నీదే. పోయి చదువుకో," అన్నారు.

ముందున్నవాళ్ళు సుధీంద్రను భుజాలకెత్తుకున్నారు. అది చూసి, పరీక్ష వాయిదా పడిందనుకుని వెనకున్నవాళ్ళు మిఠాయి పంచారు. ఎస్సై ఒక లడ్డూ తీసుకుని సుధీంద్ర చెవిలో, "నా బండి గూడ గట్లనే కొట్టుకుంటది. వచ్చే ఆదివారం తెస్త, ఎవలకు చెప్పకు," అన్నాడు. భుజాల మీదున్నవాడి చెవిలో చెప్పాలంటే అరవాలి కనుక, అందరూ విన్నారు.

మరుసటి ఆదివారం టకటకమనే బండ్లు సందు చివరిదాకా బారులు తీరాయి. రత్నమాలగారు పోలీసులకు ఫిర్యాదు చేద్దామనుకున్నారు గానీ, వరుసలో మొదటి బండి ఎస్సైది.