తొమ్మిదో చిల్లు

అమెరికాలోని టల్సా నగర పౌరులు గర్వించదగిన విషయం ఒకటుంది. అక్కడి పాత ఎలక్ట్రిక్ గిటార్ల వార్షిక ప్రదర్శనలో ఈ ఏడు కూడా ఎవరూ గిటార్ వాయించలేదు. వాయిస్తే అరిగిపోతాయని నిర్వాహకులు ముందే గోడలకు కాగితాలు అంటించారు. జనం గిటార్లను కళ్లతో చూసి, ముక్కుతో వాసన పీల్చి, నిశ్శబ్దంగా ముందుకు సాగిపోయారు.

ఈ ప్రశాంతతకు భంగం కలిగించినావిడ పేరు ఓపల్ స్ట్రిక్‌లండ్. వయసు డెబ్బై ఆరు. ఆవిడకు ప్రదర్శనతో పనిలేదు. ఆ సాయంత్రం, తన బ్యాండులో ఫిడేలు వాయించే వెల్డన్‌కు పెళ్లయి యాభై ఏళ్లయిన సందర్భంగా డాన్సు పెట్టుకున్నారు. సరిగ్గా ఆ రోజే ఆవిడ గిటార్ తీగ తెగింది. తీగలమ్మే దుకాణాలవాళ్లంతా ప్రదర్శనకు తరలిపోయారు కాబట్టి ఆవిడా అక్కడికే వచ్చి, తీగలు కొనుక్కుని, ఖాళీగా కనబడిన బల్ల మీద పెట్టె తెరిచింది. అందులో ఉన్నది కార్బిన్ కంపెనీ గిటార్. టెలిఫోన్ ఆఫీసులో మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు కొత్తగా కొనుక్కున్నది.

ఆ బల్ల ప్రాచీన గిటార్ల స్వచ్ఛతా నిర్ధారణ సంఘం వారిది.

"కదలకండి!" అని కేకేశాడు సంఘాధ్యక్షుడు డెల్బర్ట్ హగిన్స్.

"ఏంటయ్యా, తేలుందా?" అంది ఓపల్, ఒక్క గెంతు వెనక్కి వేసి.

"తొమ్మిదో చిల్లు!" అన్నాడాయన. కళ్లలో నీళ్లు.

గిటార్ ముఖాన స్క్రూలతో బిగించిన తెల్ల పలక ఒకటుంటుంది. కార్బిన్ గిటార్లలో ఆ స్క్రూలు ఎనిమిది. ఒకానొక వసంతంలో కంపెనీవారు తొమ్మిది వేశారని డెల్బర్ట్ గారి సిద్ధాంతం. తొమ్మిదోది ఎవరో ఇంట్లో కూర్చుని వేసిన దొంగ చిల్లని ఉపాధ్యక్షుడు రస్ పెటిట్ గారి సిద్ధాంతం. ఈ సిద్ధాంతాల మూలంగా రెండు కుటుంబాల మధ్య మాటల్లేవు, ఒక పెళ్లి సంబంధం కూడా చెడింది.

"అది మా ఆయన ఆర్లిస్ వేశాడు నాయనా. పలక లొడలొడమంటోందని బిగించాడు," అంది ఓపల్.

"యజమానుల మాట సాక్ష్యం కింద చెల్లదమ్మా," అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆవిడ మాటతో రస్ గెలిచినట్టే. అయినా ఇన్నేళ్ల విద్వత్పోరాటం అంత తేలిగ్గా తేలిపోవడం ఆయనకూ నచ్చలేదు.

పరీక్ష మొదలైంది. నల్లగుడ్డ కప్పి నీలం దీపంతో చూశారు. పెట్టెలో తలపెట్టి వాసన చూశారు. సిగరెట్ కాలిన మచ్చ దగ్గర, ఆ సిగరెట్ ఆ కాలం నాటిదేనా అన్న చర్చ నడిచింది. గిటార్ అంచున బార్బెక్యూ సాస్ మరక ఒకటి కనబడింది. డెల్బర్ట్ వంగి నాకాడు.

"అరవైల నాటిది," అన్నాడు కళ్లు మూసుకుని. "ఈ పులుపు ఇప్పుడెక్కడిది?"

రస్ రెండోవైపు నుంచి నాకాడు. "ఎనభైలు. మిరియాలు తగులుతున్నాయి."

"పోయిన ఆదివారం చర్చి భోజనాల్లో పడింది," అంది ఓపల్. సాక్ష్యం సంగతి ఆవిడకు మళ్లీ గుర్తుచేశారు.

"తీగలు మొదటివేనా?"

"నెలనెలా మారుస్తాను."

"పాతవి?"

"టమాటా మొక్కలకు కట్టాను."

ఇద్దరు సభ్యులు కారు తాళాలు అందుకుని బయటికి పరుగెత్తారు.

ఇంతవరకు ఎవరూ విప్పలేదని నిరూపించాలంటే విప్పి చూడక తప్పదు కనుక, సంఘం ఆ గిటార్‌ను విప్పింది. మెడ ఒకచోట, మొండెం ఒకచోట. "ఫ్యాక్టరీ టంకం! ఎక్కడా చెక్కుచెదరలేదు!" అంటూ డెల్బర్ట్ దాన్ని గోటితో గీకి అందరికీ చూపించాడు. చెదిరింది. ఒక్క క్షణం ఆగి, బల్ల మీద చెయ్యి వేసి, గంభీరంగా ప్రసంగించాడు: "సోదర సోదరీమణులారా! ఈ వాద్యం నేటి మధ్యాహ్న భోజన సమయం వరకు సంపూర్ణ స్వచ్ఛతతో వర్ధిల్లినదని ప్రకటించుటకు సంతోషిస్తున్నాను!" చప్పట్లు మోగాయి.

"మంచిది. ఇక బిగించి ఇచ్చేయండి. నాకు డాన్సుంది," అంది ఓపల్.

"బిగించడమా?" డెల్బర్ట్ నిర్ఘాంతపోయాడు. "బిగిస్తే మరమ్మతు అవుతుంది. మరమ్మతు చేసిన గిటార్‌కు స్వచ్ఛత ఎక్కడిదమ్మా?"

ఓపల్ బల్ల మీది ముక్కలకేసి చూసింది. ఆర్లిస్ చనిపోయిన వారం కూడా ఆవిడ ఆ గిటార్ వాయించింది. వాయిస్తేనే ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టుండేది. ఆవిడకు ఒళ్లు మండింది.

"తప్పుకోండర్రా! నేను చూసుకుంటా," అని డెల్బర్ట్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుంది.

ఆవిడ ఒక్కో స్క్రూ బిగిస్తుంటే సంఘ సభ్యులు ఒక్కొక్కరే మొహం తిప్పుకున్నారు. ఒకాయన టోపీ తీసి గుండెలకు హత్తుకున్నాడు. అంతా అయ్యాక ఒక స్క్రూ మిగిలింది. తొమ్మిదోది. దానికోసం డెల్బర్ట్, రస్ ఒకేసారి చెయ్యి చాపారు. స్క్రూ జారి బల్లకిందికి దొర్లింది. సంఘం యావత్తూ మోకాళ్ల మీదికి దిగింది. ఆ అదునులో ఓపల్ పెట్టె మూసుకుని బయటపడింది.

డాన్సు హాల్లో మొదటి పాట ఎత్తుకోగానే పలక లొడలొడమంది. గీకిన టంకం దగ్గర బరబరమంది. "గాయానికి అంటించే పట్టీ ఉందా వదినా?" అని ఓపల్ వెల్డన్ భార్యనడిగి, పలకకు ఒక పట్టీ, లోపలి వైరుకొక పట్టీ అంటించింది. బరబర ఆగింది. ఆగగానే వెల్డన్ ఫిడేలు పక్కన పెట్టి పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు. "తాపీగా కానివ్వు ఓపల్, మోకాళ్లు నావి కావు, డాక్టర్లు వేసినవి!" అన్నాడు. ఆ జంట చాలాసేపు ఆడింది. ఓపల్ చాలాసేపు వాయించింది.

ఆ స్క్రూ ఇప్పుడు గాజుపెట్టెలో ఉంది. దాన్ని చూడటానికి పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తున్నారు. పత్రికలవాళ్లు ఓపల్ ఇంటికి ఫోన్ చేసి చిల్లు గురించీ, సాస్ గురించీ, టమాటాల గురించీ అడిగారు. ఆవిడ ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పింది. ఆ గిటార్ ఎలా మోగుతుందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

వాళ్లననడమెందుకు? ఇంతసేపు చదివారు, మీరు మాత్రం అడిగారా?