దర్జీ లాయరును మార్చుకున్న విధం

మనిషి మార్చుకోలేనివి లోకంలో రెండే రెండు: కన్నవాళ్ళు, కేసు వేసిన లాయరు. మొదటిదానికైనా దారి ఉంది (దత్తత పోవచ్చు). రెండోదానికి మాత్రం పాత లాయరే "నాకు అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టాలి.

వ్యాను గుద్ది దర్జీ మోకాలు చితికింది. అప్పటినుంచి గుడ్డ కత్తిరించడం అతని వంతు, మిషను తొక్కడం భార్య వంతు. నష్టపరిహారం కేసు ఒక పెద్ద లాయరు చేతిలో ఉంది. వాయిదాలకు ఆయన రాడు. వచ్చే సోమవారం ఆపరేషను చేసిన డాక్టరు సాక్ష్యం చెప్పాలి. ఆ రాత్రికే డాక్టరు వేరే దేశం వెళ్ళిపోతున్నాడు.

"ఈసారీ నీ లాయరు రాకపోతే ఆ డాక్టరును ఎక్కణ్ణించి పట్టుకొస్తావయ్యా? మార్చిపారెయ్," అంది భార్య మిషను ఆపకుండా.

"మార్చాలన్నా ఆయనే సంతకం పెట్టాలే."

"పోయి పెట్టించుకో. విరిగింది కాలేగా, నోరు కాదుగా!"

దర్జీ కర్ర ఊతంగా లాయరు ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడొక గుమాస్తా. పేరుకే గుమాస్తా, చేసేది పాత కక్షిదారుల నిరోధకాధికారి ఉద్యోగం.

"అయ్యగారు బిజీ. పాత పార్టీలను చూడరు."

"మరి వాళ్ళను పంపుతున్నారుగా?" అన్నాడు దర్జీ, లోపలికి వెళ్తున్న ఇద్దరిని చూపించి.

"వాళ్ళు కొత్త పార్టీలు, పెద్దాయనా. కొత్తవాళ్ళను వెంటనే చూస్తారు. ఇక్కడి పద్ధతి అది."

దర్జీ పద్ధతిని గౌరవించే మనిషి. బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చి, "నేను కొత్త పార్టీని," అన్నాడు. గుమాస్తా వెంటనే కుర్చీ వేసి (ఆ కుర్చీ పాతవాళ్ళ కంటికి ఆనదు), మంచినీళ్ళిచ్చి, లోపలికి పంపాడు.

లాయరు అచ్చం మొదటిరోజులాగే లేచి ఎదురొచ్చాడు. మొహం గుర్తుపట్టలేదు. మోకాలి కథంతా కళ్ళు తుడుచుకుంటూ విన్నాడు.

"ఒక్క వాయిదాకూ రాలేదా? ఎవడండీ ఆ లాయరు? ఇలాంటివాళ్ళ వల్లే మా పరువు పోతోంది!"

దర్జీ చేతులు జోడించాడు. "తమరేనండి."

లాయరు కలం మూత తీశాడు. "అయితే మరీ సుఖం. ఆయన్ని నేను ఒప్పిస్తాను."

పాత లాయరుగా ఒక సంతకం పెట్టాడు. కలం మూత పెట్టకుండానే కొత్త లాయరుగా ఇంకొకటి పెట్టాడు.

"సోమవారం వస్తారాండి?" అన్నాడు దర్జీ బెరుకుగా.

"కొత్త కేసుకు నేను రాకపోవడమా!"

ఇంటికి రాగానే భార్య అడిగింది, "మార్చావా?"

"మార్చాను."

"ఎలాంటివాడు?"

"పాతాయన మీద మండిపడ్డాడు."

"అమ్మయ్య!"

సోమవారం లాయరు నిజంగానే వచ్చాడు. డాక్టరూ వచ్చి బోను పక్కన నిలబడ్డాడు. కేసు పిలవగానే లాయరు లేచి, ఇది కొత్తగా తన చేతికి వచ్చింది గనుక ఫైలు చదువుకోవడానికి రెండు నెలలు గడువు ఇప్పించమన్నాడు. డాక్టరు జేబులో విమానం టికెట్టు తడుముకున్నాడు.

పాత లాయరుకు ఏమైనా అభ్యంతరమా అని జడ్జిగారు అడిగారు. లేదని ఆయనే చెప్పాడు.