హబ్సిగూడ ప్రార్థన, హాస్టలు గేటు పెసరట్టు

స్కూటరు కొనాలన్న కోరిక మనిషిని ఎక్కడిదాకా తీసుకెళుతుందో నన్నడగండి. నన్నయితే పెసరపిండి క్యానుతో యూనివర్సిటీ హాస్టలు గేటుదాకా తీసుకెళ్ళింది.

అది అరవై ఏడో సంవత్సరం. నేను యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాని. కాపురం తార్నాకలో. హాస్టలు కుర్రాళ్ళు పెసరట్టుకి మొహం వాచిపోయి ఉన్నారని ఓ రోజు మా కౌంటరు దగ్గర విన్నాను. మా ఆవిడ రాహేలు పెసరట్టు పోస్తే దారినపోయేవాళ్ళు మా గుమ్మం ముందు చెప్పు తెగినట్టు నటించి ఆగిపోతారు. ఇంకేం, సాయంత్రాలు బండి పెడితే ఏడాది తిరక్కుండా రాహేలుని స్కూటరు మీద చర్చికి తీసుకెళ్ళొచ్చు!

"బండి సరే, అట్లు ఎవరు పోస్తారు?" అంది రాహేలు.

"నేనే."

రాహేలు నవ్వింది. ఆగిందనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి మిగతాది నవ్వుకుని వచ్చింది.

"పాలు కాచమంటే గిన్నెని కాచిన మనిషి మీరు. పైగా ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. వద్దండీ."

ఆ నవ్వే నన్ను చెడగొట్టింది. రహస్యంగానైనా బండి పెట్టి తీరాలనుకున్నాను. కానీ పిండి రుబ్బడం రాహేలుకే చేతనవును. అందుకని ఒక ఎత్తు వేశాను.

"రాహేలూ, హబ్సిగూడలో రోజూ సాయంత్రం ప్రార్థన కూటం పెడుతున్నాం. వచ్చినవాళ్ళకి పెసరట్లు పెట్టమని నాకు ప్రేరేపణ కలిగింది. నువ్వు పిండి రుబ్బిస్తే చాలు."

"ఆదివారం ప్రసంగంలో గురక పెట్టే మీకా ప్రేరేపణ?"

"నిద్ర లేపడానికే కలిగించాడు దేవుడు."

రాహేలు నన్ను అదోలా చూసింది గానీ మర్నాటికి క్యాను నిండా పిండి సిద్ధం చేసింది.

బండి మా వెనకింటి రాజలింగుది. జామకాయల కాలం అయిపోయి ఖాళీగా పడి ఉంది.

"తీస్కపో సామేలు సార్. గని చక్రం జర ఎడమకు గుంజుతది," అన్నాడు.

జర కాదు. నేను లైబ్రరీవైపు తోస్తే అది హాస్టలువైపు వెళ్ళింది. నా వ్యాపారంలో తెలివైన నిర్ణయం అదొక్కటే, అదీ బండి తీసుకున్నది.

ఎవరూ గుర్తుపట్టకుండా తలకీ మొహానికీ తువ్వాలు చుట్టి కిరసనాయిలు స్టవ్వు వెలిగించాను. మొదటి అట్టు పెనానికి అంటుకుంది. రెండోది గరిటెకి. మూడోది నాకు. తర్వాతవి అంటుకోలేదు గానీ ఏ ఒక్కటీ గుండ్రంగా రాలేదు.

"ఏందన్నా ఇది, అచ్చం ఆఫ్రికా లెక్కనే ఉన్నది!" అని ఒక స్టూడెంటు అట్టు ఎత్తి అందరికీ చూపించాడు.

ఆ రోజు నుంచి గేటు దగ్గర భూగోళశాస్త్రమే. "అన్నా, నాకో ఆఫ్రికా!" "నాకు రెండు సిలోన్లు, ఉల్లిగడ్డ దండిగ ఎయ్యి!" అయినా జనం విరగబడ్డారు. నా చెయ్యి ఎంత పాడుచేసినా రాహేలు పిండి రుచి చావలేదు మరి.

"ప్రార్థన బాగా జరిగిందా?" అని రాహేలు రోజూ అడిగేది.

"బ్రహ్మాండంగా!"

"మరి చొక్కా మీద ఆ నూనె?"

"అభిషేక తైలం."

"అభిషేక తైలంలో జీలకర్ర వేస్తున్నారా ఈమధ్య?"

నేను గబగబా స్నానానికి వెళ్ళిపోయేవాణ్ణి.

ఓ సాయంత్రం మా సూపరింటెండెంటు పార్థసారథిగారు షికారుకొచ్చి సరిగ్గా నా బండి ముందే ఆగారు. గుండె జారి పెనం మీద పడ్డంత పనైంది. తువ్వాలు కళ్ళదాకా లాక్కుని, యాస మార్చాను.

"ఏం గావాలె సార్?"

"ఒక పెసరట్టు. నీ గొంతెక్కడో విన్నట్టుందే! ఏ ఊరు?"

"ము... ముషీరాబాదు సార్."

ఆయన ఒక ముక్క తుంచి నోటిదాకా తీసుకెళ్ళారో లేదో, రోడ్డు మలుపులోంచి కీర్తన వినిపించింది. చూద్దును గదా, మా సంఘం స్త్రీల సమాజం యావత్తూ తెల్లచీరలతో, బైబిళ్ళతో తరలి వస్తోంది. ముందు అధ్యక్షురాలు మరియమ్మగారు. పక్కన మా రాహేలు.

"ఇదేనమ్మా మావారి ప్రార్థన కూటం," అంది రాహేలు తొణక్కుండా. "హబ్సిగూడలో చోటు చాలలేదు కాబోలు. ఇక్కడికి మార్చినట్టు రాజలింగు చెప్పాడు."

మరియమ్మగారు నన్ను ఎగాదిగా చూశారు. "అయితే మొదలుపెట్టండి సామేలుగారూ, ప్రార్థన చేద్దాం."

పార్థసారథిగారి చేతిలో ముక్క ఆగిపోయింది. "సామేలా?"

నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆ క్షణంలో నిజంగానే ప్రార్థన చేశాను, ఉద్యోగం కోసం. ఈలోగా పెనం మీద ఆస్ట్రేలియా మాడి పొగ లేచింది. దాన్ని కాపాడదామని వంగితే తువ్వాలు కొసకి స్టవ్వు మంట అంటుకుంది. తేరుకునేసరికి రాహేలు బండి పక్కనున్న బిందెడు నీళ్ళు నా నెత్తిన గుమ్మరిస్తోంది.

"కాలిందా?" అని నా మొహం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ కాలేదని తేలాక గొంతు తగ్గించింది. "బండి పెట్టారని కాదు. దేవుడి పేరు చెప్పి నా చేత పిండి రుబ్బించారు చూడండి, అదీ నా బాధ."

కాలిన తువ్వాలు చేత్తో పట్టుకుని నీళ్ళోడుతూ నిలబడ్డాను.

"తప్పుకోండి. పెనమైనా పెనిమిటైనా సరిగ్గా కాగకుండా పనికి పెట్టకూడదు," అని గరిటె లాక్కుంది.

పిండి పోసి ఒక్క చుట్టు తిప్పింది. గేటు దగ్గర గోల ఆగిపోయింది. గుండ్రంగా, పల్చగా, అంచులు ఎర్రగా కాలి లేచింది అట్టు.

"ఇది ఏ దేశం అక్కా?" అన్నాడొక స్టూడెంటు.

"ఇది పెసరట్టు బాబూ," అంది రాహేలు.

మర్నాడు పార్థసారథిగారు గదికి పిలిచారు.

"రూల్సు ప్రకారం నువ్వు వ్యాపారం చెయ్యకూడదు."

"చిత్తం."

"మీ ఆవిడకి ఆ రూలు లేదు."

"చిత్తం."

"కాబట్టి నువ్విక గరిటె ముట్టుకోకు. ఇది ఆఫీసు ఆర్డరు కాదయ్యా, తిన్నవాడి విన్నపం."

అప్పటినుంచి బండి రాహేలుది. స్త్రీల సమాజం వంతులవారీగా సాయం. ఓ సాయంత్రం ఆకలేసి, భర్తనన్న ధీమాతో తిన్నగా పెనం దగ్గరికి వెళ్ళాను.

"లైన్లో రండి," అంది తలెత్తకుండానే.

వెళ్ళి పార్థసారథిగారి వెనక నిలబడ్డాను. ఆయన మూడు అట్లు తిని, నాలుగోది ఇంటికి కట్టించుకున్నారు. నా వంతు వచ్చేసరికి రాహేలు క్యాను బోర్లించి చూపించింది.

"అయిపోయింది. ఇంట్లో పెసలు నానుతున్నాయి, వెళ్ళి రుబ్బండి. బాగా రుబ్బితే రేపు మీకూ ఒకటి పోస్తాను."

వెనక స్టూడెంట్లు నవ్వారు. నేను ఇంటిదారి పట్టి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాను.

"మెత్తగానా, కాస్త బరకగానా?"