హార్లన్ దాకా ఎవరికీ నచ్చకూడదు

ఆ ఉదయం డీలియా క్వెర్క్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎల్క్‌ఫోర్డ్ ఊళ్ళో ఎవరికీ నచ్చకుండా ఉండాలి, అంతే. పదకొండేళ్ళ పిల్లకి అదేమంత కష్టమైన పని కాదనుకుంది. న్యూయార్క్ అనాథ శరణాలయంలో పెద్దమ్మగారి దగ్గర్నుంచి కాపలా కుక్క దాకా ఎవరికీ నచ్చకుండా బతికిన అనుభవం ఉండనే ఉంది.

ఆ రోజు పిల్లల బండి, అంటే అనాథ పిల్లల్ని ఊరూరా పెంపకానికి ఇచ్చే రైలు, నెబ్రాస్కాలో రెండు ఊళ్ళలో ఆగుతుంది. పొద్దున ఎల్క్‌ఫోర్డ్, మధ్యాహ్నం హార్లన్. ఊరి హాల్లో వేదిక మీద పిల్లల్ని వరసగా నిలబెడతారు. రైతులు వచ్చి, కండలు నొక్కి, పళ్ళు చూసి, నచ్చిన పిల్లని ఇంటికి తీసుకుపోతారు. మిగిలినవాళ్ళు మళ్ళీ రైలెక్కుతారు. రెండేళ్ళ కిందట డీలియా తట్టు పోసి మంచాన పడి ఉండగా, ఆమె అన్న బార్ట్లీని ఇలాగే బండెక్కించి పంపేశారు. వాణ్ణి హార్లన్‌లో ఎవరో తీసుకున్నారని శరణాలయం వంటమనిషి జాలిపడి చెప్పింది. అంచేత ఎల్క్‌ఫోర్డ్‌లో ఎవరూ తీసుకోకుండా మిగిలిపోతే డీలియా అన్న ఉన్న ఊరు చేరుతుంది. ఇక్కడే ఎవరైనా ముచ్చటపడి తీసుకుపోయారంటే, ఈ జన్మకి అన్న మొహం చూడదు.

"మా అన్న హార్లన్‌లో ఉన్నాడు మిస్. నన్నక్కడే ఇచ్చెయ్యండి, మీకు పుణ్యముంటుంది" అని దారి పొడుగునా బతిమాలింది. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన మిస్ ప్రెంటిస్ మంచి మనిషే గాని, నియమాల మనిషి.

"పాత సంగతులు మర్చిపోవాలమ్మా. ముందెవరడిగితే వాళ్ళకే ఇస్తాం. ఇదిగో, తల కదపకు" అంటూ డీలియా జడకి రిబ్బను బిగించి కట్టింది. ఎంత ముద్దుగా కట్టిందంటే, అద్దంలో చూసుకుని డీలియాకి ఏడుపొచ్చినంత పనైంది.

హాలు కిటకిటలాడుతోంది. డీలియా వేదిక ఎక్కుతూనే కుడికాలు ఈడ్చడం మొదలుపెట్టింది. కుంటిపిల్లని ఎవరు తీసుకుంటారు!

ముందు బల్ల మీద కూచున్న ఒక లావుపాటి ఆవిడ చటుక్కున లేచింది. ఆవిడ పేరు మిసెస్ హగ్గర్టీ, కోళ్ళు పెంచుకుని బతికే వితంతువు. "అయ్యో నా తల్లీ! నాదీ కుడికాలే! ఎడంకాలు కుంటేవాళ్ళకి మన బాధేం తెలుస్తుంది? మనిద్దరం తీరిగ్గా నడుచుకుంటూ పోదాం, వచ్చెయ్!"

డీలియా కాలు అప్పటికప్పుడు బాగైపోయింది. ఇంకేం చెయ్యాలో తోచక, గొంతు చించుకుని దగ్గింది. మధ్యమధ్య కూతపెట్టి మరీ దగ్గింది.

ఆ దగ్గు డాక్టర్ టటిల్ చెవిన పడింది. ఎల్క్‌ఫోర్డ్ జనం ఉక్కుపిండాలు. పాపం డాక్టరుగారికి చెప్పుకోదగ్గ జబ్బు దొరికి చాలా ఏళ్ళయింది. ఆయన కళ్ళు వెలిగిపోయాయి.

"కోరింత దగ్గు!" అని కేకేశాడు. "తలుపులు మూసెయ్యండి! లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే. నేను చెప్పేదాకా ఈ పిల్లలెవరూ బండెక్కడానికి వీల్లేదు!"

తలుపులు ధడాలున మూసేశారు. డీలియా పైప్రాణాలు పైనే పోయాయి. బండి వెళ్ళిపోతే హార్లన్ సంగతేంటి?

"నాకేం లేదండీ! ఊరికే దగ్గాను!"

"రోగులంతా అదే మాటంటారు."

"నేను హార్లన్ వెళ్ళాలండీ, అక్కడ మా అన్న ఉన్నాడు, నన్ను వదిలెయ్యండి!"

"చూశారా, కలవరిస్తోంది" అన్నాడు డాక్టరు తృప్తిగా. "జ్వరం తలకెక్కింది."

ఈ గొడవకి బెదిరి వరసలో ఉన్న పిల్లలు ఒకరి వెనక ఒకరు దగ్గడం మొదలుపెట్టారు. జనం ముక్కులకి రుమాళ్ళు అడ్డం పెట్టుకుని గోడలకి అతుక్కుపోయారు. మిస్ ప్రెంటిస్ కాళ్ళూ చేతులూ ఆడక, ఒకే పిల్లకి రెండోసారి రిబ్బను కడుతోంది.

జబ్బు లేదని నిరూపిస్తే తప్ప బండి అందదని డీలియాకి అర్థమైంది. ఇద్దరు చిన్నపిల్లల్ని చెరో చంకనా ఇరికించుకుని వేదిక మీంచి దూకింది. హాలు చుట్టూ పరుగెత్తింది. పరుగెడుతూనే వాళ్ళమ్మ పాడే పాటొకటి గొంతెత్తి అందుకుంది. రాగం ఎటు పోయిందో గాని, గొంతు మాత్రం కప్పు అదరగొట్టింది. అంతలోనే బయట ఎవరో తలుపులు దబదబా బాదడం మొదలుపెట్టారు. జబ్బు భయంతో ఊరు ఊరంతా మీద పడిందనుకుని డీలియా ఇంకా గట్టిగా పాడింది.

పాట అయ్యేసరికి ఎవరూ దగ్గడం లేదు. డాక్టరు ఆమె వీపు మీద చెవి పెట్టి విని, దిగాలుగా లేచాడు. "గుర్రంలా ఉంది" అన్నాడు.

అక్కడికి మొదటికే మోసం వచ్చింది.

"ఆ పిల్ల మాకు కావాలి! పాల బిందెలు అలాగే మోసేస్తుంది!" అని ఒక రైతు లేచాడు.

"ముందడిగింది నేను!" అని మిసెస్ హగ్గర్టీ అడ్డం వచ్చింది.

"మీరడిగింది కుంటిపిల్లనిగా! ఈ పిల్ల ఎక్కడ కుంటుతోంది?"

"అది నాకూ నా పిల్లకీ మధ్య విషయం. నీకెందుకయ్యా?"

ఇంతసేపూ వెనక బల్ల మీంచి డీలియానే చూస్తున్న ముసలాయన ఒకాయన ఉన్నాడు. లిండ్వాల్ అనే రైతు. పొడుగ్గా, ఎండిన కర్రలా ఉంటాడు. ఆయన నోరు తెరిచేలోపు పక్కవాళ్ళు సంభాషణ ముగించి ఇంటికి పోతారు. టోపీ చేత్తో పట్టుకుని నెమ్మదిగా డీలియా దగ్గరికొచ్చాడు.

"నీ పేరేంటమ్మా?"

చెప్తే పేరు పెట్టి పిలిచి మరీ తీసుకుపోతాడని డీలియా భయం. "పేరు లేదండీ."

"పోనీ, ఇంటిపేరు?"

"అసలు ఇల్లే లేదండీ!"

ముసలాయన తలూపాడు. గడ్డం గోక్కున్నాడు. "చెవులు మాత్రం..." అని వంగి, ఆమె చెవులు ఇటూ అటూ పరికించి చూశాడు. సంతలో దూడని కొనేవాళ్ళు అలాగే చూస్తారు. ఆయన చూడడం ముగించి, ఇంకో మాట లేకుండా ఆమె చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడిపించాడు. ఇంకేముంది, అయిపోయింది. ఈయన గుర్రబ్బండెక్కితే అన్న లేడు, హార్లన్ లేదు. డీలియా కళ్ళు మూసుకుని, తన ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, ముసలాయన బొటనవేలు కరిచింది.

"డీలియా క్వెర్క్!" అని అరిచింది మిస్ ప్రెంటిస్. ఆవిడ జీవితంలో అంత గట్టిగా ఎన్నడూ అరిచి ఉండదు.

నొప్పితో వంకర్లు తిరుగుతున్న ముసలాయన మొహం ఆ పేరు వినగానే విప్పారింది. "క్వెర్కా?" అంటూ, మంచి చేత్తో తలుపు గడియ తీశాడు.

బయట తలుపు బాదుతున్నవాడు కాస్తా దబ్బున లోపలికొచ్చి పడ్డాడు. ఊరు ఊరంతా కాదు, ఒక్కడే. పొడుగు కుర్రాడు, పెద్ద టోపీ, టోపీ కింద విసనకర్రల్లాంటి రెండు చెవులు.

"నువ్వేనని పాట వినగానే తెలిసిపోయిందే!" అన్నాడు రొప్పుతూ. "దాన్నంత అధ్వాన్నంగా పాడేది లోకంలో నువ్వొక్కదానివే!"

న్యూయార్క్ నుంచి ఇక్కడిదాకా కన్నీటిచుక్క రాల్చని డీలియా బార్ట్లీ మెడ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వాడు కూడా ఏడ్చాడు గాని, దుమ్ము పడిందని అందరికీ చెప్పుకున్నాడు.

అప్పుడు లిండ్వాల్ తన జీవితంలోకెల్లా పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. "మాది హార్లన్. పిల్లల బండి వచ్చినప్పుడల్లా వీడు నన్నిక్కడికి లాక్కొస్తాడు. మా ఊరు చేరేలోపే చెల్లెల్ని ఎవరో ఎగరేసుకుపోతారని వీడి భయం. రైలు కూతకి గుర్రాలు బెదురుతాయని వీణ్ణి బయటుంచాను. అమ్మాయిని వీడికి చూపిద్దామనే చెయ్యి పట్టుకున్నా."

డీలియాకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆ వేలినుంచి ఇంకా నెత్తురు కారుతోంది. అన్న దగ్గరికి నడిపిస్తున్న చెయ్యినే కరిచింది! ఇప్పుడీయన తనని వద్దంటే?

మిస్ ప్రెంటిస్ గొంతు సవరించుకుంది. "అది కాదండీ లిండ్వాల్‌గారూ. ఈ పిల్ల కరుస్తుంది. తరవాత మమ్మల్ని అనకూడదు. అయినా పేరొకటైనంత మాత్రాన సొంత చెల్లెలేనని నమ్మకమేమిటి?"

ముసలాయన కాటు పడిన వేలికి రుమాలు చుట్టుకున్నాడు. రెండో చేతి బొటనవేలు పైకెత్తి, దాని మీదున్న పాత మచ్చ ఆవిడకి చూపించాడు.

"ఇది వీడు వచ్చిన మొదటిరోజు కరిచిందండీ. పళ్ళ వరస ఒకటే."